డీఎన్ఏ కిట్టు కొనే ముందు మూడు ప్రశ్నలు

పదవీ విరమణ తరువాత నన్ను జనం అడిగే ప్రశ్నలు మారాయి. ఒకప్పుడు చలిజ్వరం, పాముకాటు, కాన్పు గురించి అడిగేవారు. ఇప్పుడు ఖమ్మంలో స్థిరపడినవారు, హైదరాబాదులోనో అమెరికాలోనో పిల్లలున్నవారు మరొక మాట అడుగుతున్నారు: "డాక్టరు గారూ, మావాడు డీఎన్ఏ కిట్టు పంపిస్తానంటున్నాడు. గొట్టంలో ఉమ్మి వేసి పంపితే రాబోయే జబ్బులన్నీ చెబుతారట. చేయించుకోమంటారా?" ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఇక్కడ ఒకచోట వ్రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆరోగ్యంగా ఉండి, కుటుంబంలో ప్రత్యేకమైన వంశపారంపర్య వ్యాధి లేనివారు ఆసక్తి కొద్దీ ఇటువంటి కిట్టు కొంటే ఆ డబ్బు చాలావరకు వృథా. అదే సమయంలో మన భద్రాచలం ఏజెన్సీలో జన్యువుకు సంబంధించిన ఒక రక్తపరీక్షను ప్రభుత్వమే ఉచితంగా చేస్తున్నది. దానికి చెయ్యి చాపడానికి సందేహించేవారు ఇంకా ఉన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పరీక్షకు విలువ ఉన్నదో తేలికగా బోధపడుతుంది.

కిట్టు ఏమి చదువుతుంది?

మనిషి డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. మార్కెట్లో అమ్మే కిట్లలో ఎక్కువ భాగం ఇవన్నీ చదవవు. ముందుగా ఎంచుకున్న కొన్ని లక్షల చోట్ల మాత్రమే ఏ అక్షరం ఉన్నదో చూస్తాయి. లావుపాటి గ్రంథంలో అక్కడక్కడ ఒక్కో అక్షరం చూసి "ఇందులో తప్పులు లేవు" అనడం ఎటువంటిదో, ఈ నివేదిక చూసి "నాకు ఏ జబ్బూ రాదు" అనుకోవడం అటువంటిది.

ఉదాహరణకు రొమ్ము క్యాన్సరు తీసుకోండి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులలో హాని కలిగించే మార్పులు వేల సంఖ్యలో గుర్తించబడ్డాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీకి వాటిలో మూడింటిని మాత్రమే నేరుగా వినియోగదారులకు తెలిపే అనుమతి ఇచ్చింది. ఆ మూడూ ప్రధానంగా తూర్పు ఐరోపా యూదు సంతతివారిలో కనిపించేవి. అటువంటి కిట్టులో "మార్పు కనబడలేదు" అని వస్తే మన తెలుగింటి ఆడపడుచుకు దానివల్ల ఏమి తెలిసినట్లు? తల్లికీ మేనత్తకూ చిన్న వయసులో క్యాన్సరు వచ్చిన స్త్రీ ఆ కాగితం చూసి ధైర్యపడి, రొమ్ములో గడ్డ తగిలినా ఊరుకుంటే? ఈ తప్పుడు భరోసాయే అన్నిటికన్నా ప్రమాదకరం.

దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉన్నది. ఇటువంటి పరీక్షల ముడి వివరాలలో కనిపించిన జన్యు మార్పులను వైద్య ప్రయోగశాలలో మళ్ళీ సరిచూసిన ఒక చిన్న అధ్యయనం 2018లో వెలువడింది. అందులో 40 శాతం మార్పులు అసలు లేనేలేవని తేలింది. లేని జబ్బుకు భయపడి నిద్ర మానుకున్నవారికి నష్టపరిహారం ఎవరిస్తారు?

ఇక మధుమేహం, రక్తపోటు, గుండెపోటు. వీటి వెనుక ఒక్క జన్యువు కాదు, వందల చోట్ల చిన్నచిన్న తేడాలు ఉంటాయి. వాటికి మన తిండి, పొగ, కూర్చుని చేసే పని, నిద్ర తోడవుతాయి. "మీకు మధుమేహం ముప్పు సగటు కన్నా ఎక్కువ" అని నివేదిక చెబుతుంది. తల్లిదండ్రులిద్దరికీ చక్కెర వ్యాధి ఉన్నవాడికి ఆ మాట చెప్పడానికి వేల రూపాయలు ఎందుకు? జన్యు ముప్పు తెలిస్తే మనుషులు అలవాట్లు మార్చుకుంటారా అన్న విషయంపై వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2016లో ప్రచురించింది. పొగ మానడంలోగాని, తిండిలోగాని, వ్యాయామంలోగాని చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

మన జన్యువులు మనవే

మరొక చిక్కు ఉన్నది. ఈ ముప్పు లెక్కలలో అధిక భాగం ఐరోపా సంతతి ప్రజల వివరాలపై కట్టినవి. మనకు ప్రత్యేకమైన మార్పులు వేరు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాలవారితో కలిసి 2009లో ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించిన స్థితి భారతీయులలో నూటికి దాదాపు నలుగురిలో ఉన్నది. వారికి పెద్ద వయసులో గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ.

ఇంకొక ఉదాహరణ మన ఆపరేషన్ థియేటర్లలోని మత్తు వైద్యులకు సుపరిచితమే. ఆర్యవైశ్య కుటుంబాలలో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వంశపారంపర్యంగా వస్తుంది. అటువంటివారికి శస్త్రచికిత్స సమయంలో సక్సమిథోనియం అనే మందు ఇస్తే నిమిషాలలో పోవలసిన దాని ప్రభావం గంటల తరబడి నిలిచి, ఊపిరి తమంతట తాము తీసుకోలేరు. దీనికి ఉమ్మి కిట్టు అక్కరలేదు. "మా ఇంట్లో ఆపరేషను తరువాత ఒకరికి ఊపిరి ఆలస్యంగా వచ్చింది" అన్న ఒక్క మాట, సాధారణ రక్తపరీక్ష చాలు. మత్తు వైద్యుడు వేరే మందు వాడుతాడు, అంతటితో గండం గడుస్తుంది.

గూడెంలో చేసే పరీక్ష

ఇప్పుడు సికిల్ సెల్ వ్యాధి సంగతి. హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఎర్ర రక్తకణం కొడవలి ఆకారానికి తిరుగుతుంది. మలేరియా ప్రబలిన అడవి ప్రాంతాలలో ఈ మార్పు తరతరాలుగా నిలిచింది. ఎందుకంటే తల్లి నుండో తండ్రి నుండో ఒక్కరి నుండి మాత్రమే ఇది సంక్రమించినవారికి ప్రాణాంతక మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది. ఇద్దరి నుండీ సంక్రమించిన బిడ్డకు మాత్రం అది జీవితాంతపు బాధ. ఎముకలలో భరించలేని నొప్పి, కామెర్లు, రక్తహీనత, మాటిమాటికీ అంటురోగాలు. దానిని కీళ్ళవాతమనో గాలి సోకిందనో భావించి ఏళ్ళు గడిపే కుటుంబాలు గోదావరికి ఇరువైపులా గూడేలలో ఉన్నాయి.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది సంకల్పం. వేలి నుండి తీసిన రక్తపు చుక్కతో మొదలై, అనుమానం ఉంటే మరొక నిర్ధారణ పరీక్షతో ముగుస్తుంది.

ఈ పరీక్షకు విలువ ఎక్కడ ఉన్నదంటే, జవాబు వచ్చిన తరువాత చేయవలసిన పని స్పష్టంగా ఉండటంలో. వ్యాధి ఉన్న బిడ్డకు టీకాలు, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా ఇస్తే నొప్పులూ ఆసుపత్రి పాలవడమూ తగ్గుతాయి. వ్యాధి లేకుండా వాహకులుగా మాత్రమే ఉన్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ వ్యాధిగ్రస్త శిశువు పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ముందే తెలిస్తే ఆలోచించుకునే వ్యవధి వారికి దొరుకుతుంది. తలసీమియాకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

"కార్డులో వాహకురాలు అని వ్రాస్తే మా పిల్లకు సంబంధాలు రావు" అన్న భయాన్ని నేను కొట్టిపారవేయను. అది నిజమైన భయమే. కాని వాహకత్వం జబ్బు కాదు. ఆ మనిషి పొలం పని చేయగలదు, చదువుకోగలదు, ఆరోగ్యవంతులైన బిడ్డలను కనగలదు. వరుడు వాహకుడు కానప్పుడు బిడ్డకు ఈ వ్యాధి రాదు. అందువల్ల అడగవలసింది పిల్ల కార్డు ఒక్కటే కాదు, పిల్లవాడి కార్డు కూడా. ఆడపిల్లను మాత్రమే పరీక్షించి, ఆమెను మాత్రమే తిరస్కరించే పెద్దలు విజ్ఞానాన్ని అవమానిస్తున్నారు.

ఉమ్మితో పాటు ఇంకేమి పోతుంది?

పైన చెప్పిన ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ నుండి 2023లో దాదాపు 69 లక్షల మంది వినియోగదారుల వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. తరువాత చేతులు మారింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, డీఎన్ఏను మార్చుకోలేము. పైగా అది మీ ఒక్కరిదే కాదు. అందులో మీ తోబుట్టువులకూ పిల్లలకూ వాటా ఉన్నది, వారి అనుమతి ఎవరూ అడగరు. జన్యు వివరాల ఆధారంగా ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపరాదని అమెరికాలో 2008లోనే ప్రత్యేక చట్టం చేశారు. అటువంటి ప్రత్యేక చట్టం మనకు లేదు.

మూడు ప్రశ్నలు

కిట్టు కొనే ముందు వీటికి జవాబు చెప్పుకోండి. ఒకటి: ఫలితం ఏదైనా రేపటి నుండి నేను చేసే పని మారుతుందా? రెండు: దానిని విడమరిచి చెప్పే వైద్యుడు నాకు అందుబాటులో ఉన్నాడా? మూడు: ఆ వివరాలు ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు ఉంటాయి? మూడింటిలో ఒక్కదానికైనా సరైన సమాధానం లేకపోతే కొనవద్దు.

జన్యు పరీక్ష అవసరమైనవారు తప్పక ఉన్నారు. కుటుంబంలో చిన్న వయసు క్యాన్సర్లు, 40 ఏళ్ళ లోపు హఠాన్మరణాలు, వరుస గర్భస్రావాలు, ఎదుగుదల లేని బిడ్డలు, మేనరికంలో పుట్టినవారిలో ఒకే జబ్బు మళ్ళీ మళ్ళీ రావడం ఉంటే ఆలస్యం చేయవద్దు. అటువంటివారు వెళ్ళవలసింది ఆన్‌లైన్ దుకాణానికి కాదు, హైదరాబాదు నిమ్స్‌లో ఉన్నటువంటి వైద్య జన్యుశాస్త్ర విభాగానికి. సరదాకు చేయించుకున్న కిట్టు నివేదిక చూసి వాడుతున్న మందులను ఎవరూ సొంతంగా ఆపవద్దు, మార్చవద్దు.

మిగిలినవారికి నా సలహా ఇది. ఒక తెల్లకాగితం తీసుకుని తాతముత్తాతల నుండి మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చిందో పెద్దలను అడిగి వ్రాయండి. రక్తపోటు, చక్కెర చూపించుకోండి. ఏజెన్సీలో ఉన్నవారు, పెళ్ళీడు పిల్లలున్నవారు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సికిల్ సెల్ పరీక్ష చేయించండి. ఆ కాగితం, ఆ కార్డు మీ వైద్యునికి చెప్పగలిగినంత విషయం వేల రూపాయల కిట్టు చెప్పలేదు.