చూడకుండా చెప్పు!

దంతవైద్యంలో సీటు కోసం విజయనగరంలో నీట్‌కి చదువుతున్న మా మేనకోడలు అట్టముక్కల మీద ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసుకుంది. రోజూ పేకముక్కల్లా తిరగేసి, "అన్నీ వచ్చేశాయి మావయ్యా!" అంటుంది.

"పాలపళ్లలో ఏ రకం ఉండవే?" అన్నాను. అట్ట తిప్పబోయింది, చెయ్యి పట్టుకున్నాను. 'అగ్రచర్వణకాలు' నాలుక చివరే ఆగిపోయింది.

చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. నాలుగు జవాబులూ నిజమే అనిపించే ఆ పరీక్షలో ఒప్పుకి 4 మార్కులిస్తారు, తప్పుకి 1 కోస్తారు.

1972లో సెబాస్టియన్ లైట్నర్ తన జర్మన్ పుస్తకంలో చెప్పిన ఉపాయం సులువే. జవాబు వచ్చిన అట్ట తర్వాతి పెట్టెలోకి, కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి. రానిది మొదటి పెట్టెలోకి, రేపే చూడాలి.

అమ్మలూ, "ఎన్ని గంటలు చదివావు?" అనకండి. అట్ట మీరు పట్టుకుని అడగండి. ఆ చదువు మీకు రానక్కర్లేదు, అక్షరాలు వస్తే చాలు!