యజమాని లేని యాజమాన్యం

అడవుల గూర్చి మాట్లాడేటప్పుడు మన అధికారులకు మిక్కిలి ప్రియమైన మాట “ఉమ్మడి యాజమాన్యం”. ఉమ్మడి అంటే కనీసం ఇద్దరు యజమానులుండాలి గదా! నేనెంత వెతికినా ఒక్కరే కనబడుతున్నారు. రెండోవాడు కావలివాడు.

ఇది నిందకాదు. 1990 జూన్‌లో కేంద్రం జారీచేసిన ఉత్తర్వే ఆ మాట చెప్పింది. గ్రామస్థులు అడవిని కాపాడాలి. గడ్డి, చితుకులు, కలపలో కొంత వాటా పొందాలి. కాని నేలమీద స్వామ్యంగాని, కౌలుగాని వారికి ఇవ్వరాదు. 1992లో ఆంధ్రప్రదేశ్ ఈ దారినే పట్టింది; వన సంరక్షణ సమితులు వెలిశాయి. వాటికి ఆధారం శాసనం కాదు, ప్రభుత్వపుటుత్తర్వు. ఇచ్చిన చేయే తిరిగి తీసుకోగలదు.

“సమితులవల్ల బోడిగుట్టలు పచ్చబడలేదా?” అని కొందరు మిత్రులు అడుగుతారు. పచ్చబడిన చోట అది గ్రామస్థుల చెమట ఫలమే. నా అభ్యంతరమూ అదే: చెమట వారిది, నిర్ణయం మరొకరిది.

వికారాబాదునే చూడండి. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలకు చేరువలో, పూడూరు మండలంలో, దామగుండం అడవి ఉంది. అందులో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో కేంద్రానికి కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. చుట్టుపక్కల ప్రజలూ, పర్యావరణవాదులూ వద్దన్నారు. దేశరక్షణ అక్కరలేదని నేననను. కాని భాగస్వామ్యం నిగ్గుతేలేది ఇటువంటి ఘట్టంలోనే. “కాదు” అనే అధికారం లేనివాడు భాగస్వామి ఎలా అవుతాడు?

ఆస్ట్రేలియాలో 1985 అక్టోబరు 26న ఉలూరు కొండ పట్టాను అనంగు ఆదివాసులకు అప్పగించారు. 99 ఏళ్ళ కౌలుకు దానిని ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలన్న షరతు ఉన్నమాట నిజమే. అయినా పాలకమండలిలో అధిక సంఖ్యాకులు వారే. తమకు పవిత్రమైన ఆ కొండను యాత్రికులు ఎక్కరాదన్నారు. 2019లో ఎక్కడం ఆగింది. పట్టా ముందు, పొత్తు తర్వాత. మన పద్ధతిలో పొత్తు ఉంది, పట్టా లేదు.

మనకు సాధనం లేదా? ఉన్నది. వికారాబాదు, తాండూరు ఐదవ షెడ్యూలు ప్రాంతాలు కావు. 2006 అటవీహక్కుల చట్టానికి ఆ ఎల్ల లేదు. అడవిమీద ఆధారపడిన తండాల లంబాడీలకూ, మూడు తరాలుగా అడవిని నమ్ముకొని అక్కడే బ్రతికిన ఇతరులకూ అది వర్తిస్తుంది. సాముదాయక అడవిని కాపాడి నిర్వహించే హక్కును గ్రామసభకు ఇస్తుంది. అడవిని ఇతర పనులకు మళ్ళించే ముందు గ్రామసభ సమ్మతి తేవాలని 2009లో కేంద్రమే ఆదేశించింది. 2022 నియమాలతో ఆ బాధ్యతను రాష్ట్రాలమీదికి నెట్టి, తన ఆమోదం తాను ముందే ఇచ్చుకునే వీలు కల్పించుకుంది. హక్కును తుడిచివేయలేదు, అడ్డుకోగల ఘడియను దాటించివేసింది.

కనుక విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. తాండూరు బండలు పరచిన చల్లని గదుల్లో “ప్రజల భాగస్వామ్యం” మీద తీర్మానాలు చాలు. తండాలకు వెళ్ళండి, సాముదాయక హక్కుల దరఖాస్తులు రాయడంలో గ్రామసభకు తోడుపడండి. పట్టా చేతికందిన నాడు ఉమ్మడి సంగతి మాట్లాడుకుందాం. అంతవరకూ దాని పేరు వెట్టికావలి.