పాత పేటలో కాపురము

ప్రాచీన వీథులలో, నగరమధ్యమునకు చేరువగా నివసించుట నేడు మహానగరవాసులకు వేడుకయైనది. కొచ్చిన్ కోటపేటలోను, పుదుచ్చేరిలోను పాత యిండ్లెన్నో బాగుచేయబడి యాత్రికుల విడుదులుగను, భోజనశాలలుగను మారినవి. మన జగ్గయ్యపేట, నందిగామలలో ధోరణి వేరు. నాలుగు రూకలు చేరగనే పాత బజారులోని పెంకుటింటిని విడిచి, రహదారి ప్రక్కన స్థలము కొనుటయే గౌరవమని పలువురు తలంచుచున్నారు. ఈ రెండు ధోరణులును సరియైనవి కావని మా యభిప్రాయము.

పేట యనగా అంగడులు గల ఊరు. బేతవోలు చెంత ఈ పేటను కట్టించి, తన తండ్రి జగ్గయ్య పేరిడినవాడు 1816లో దివంగతుడైన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. వర్తకుడును, పనివాడును, కొనువాడును ఒకచోట బ్రతుకుటకే పేటలు పుట్టినవి. నేటికిని పాత బజారున కాపురమున్న ముదుసలికి మందులు, కూరగాయలు, పలుకరించువారు కాలినడక దూరముననే లభింతురు. వీథియరుగులపై పెద్దలు కూర్చుండగా ఏ బాలుడును బడి మాని తిరుగజాలడు!

పాత యిండ్లలో కష్టములు లేవని మేమనము. ఇరుకు సందులు, పారని మురుగుకాలువలు, వానకు కారు కప్పులు, పంపకములచే ముక్కలైన వాకిళ్లు ఎల్లరకు దెలిసినవే. అయినను వీనికి మందు మరమ్మతు గాని కూల్చివేత గాదు.

కూల్చినది మరల రాదనుటకు మన సీమయే సాక్షి. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆ ప్రభువే అమరావతిలో కట్టడములకై దిబ్బను త్రవ్వింపగా మహాస్తూపపు శిల్పములు బయల్పడెను. వానిలో ననేకములు గోడలలో చేరినవి, సున్నమునకై కాల్చబడినవి. మన ధనబోడు స్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశీలించునాటికే ఊరివారు ఇటుకలను, రాళ్లను తరలించియుండిరి. మిగిలిన స్తంభములవలననే ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ యేట సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయక స్తంభములను నిలిపెనని మనకు దెలిసినది. రాయి నిలిచినందున ఒక పనివాని పేరు సుమారు పదునేడు వందల యేండ్లు నిలిచినది.

అట్లని పేటను యాత్రికుల వేడుకకు అప్పగింపరాదు. అద్దెలు పెరిగి, కుట్టుపనివాడును చిల్లరకొట్టువాడును లేచిపోయిన పిమ్మట మిగులునది పేట కాదు, పేట బొమ్మ మాత్రమే. ఇల్లు కాపురముండువారిచేతనే నిలుచును.

కావున తలిదండ్రులారా, ఇల్లు పడగొట్టువానిని పిలుచుటకు ముందు తాపీమేస్త్రిని, వడ్రంగిని పిలిచి చూపుడు. పురపాలకులు ముందుగా పాత వీథుల మురుగు పారించుదురుగాక. విద్యార్థులారా, మీ యింటి నెవరు కట్టించిరో, దూలములు ఎచ్చటనుండి వచ్చెనో తాతలను, నాయనమ్మలను అడిగి వ్రాసియుంచుడు. చెప్పువారు నేడున్నారు.