పాత ట్రాన్స్‌ఫార్మరు

పాతవస్తువు చెడినచో పాఱవేయవలెనని కొందఱందురు. దానిని ఉన్నదున్నట్లు దాచవలెనని మఱికొందఱందురు. ఈ రెండు మతములలోను లోపము కలదని ఆటరైళ్ల ట్రాన్స్‌ఫార్మరు తెలుపుచున్నది.

అమెరికాలో న్యూయార్కు నగరమున 1900వ సంవత్సరమున స్థాపింపబడిన లయొనెల్ సంస్థ ఆటరైళ్లకు ప్రసిద్ధి కెక్కినది. అచ్చటి యిండ్లలోని విద్యుత్తు సుమారు 120 వోల్టులు. దానిని తాకిన ప్రాణాపాయము. ఆ విద్యుత్తును ఇంచుమించు 20 వోల్టులకు తగ్గించి, బాలురు ఆడుకొను పట్టాలకు అందించునదే ట్రాన్స్‌ఫార్మరు. 1948లో ఆ సంస్థ వెలువరించిన జెడ్.డబ్ల్యు. అను ట్రాన్స్‌ఫార్మరు ఒకేసారి నాలుగు మార్గములకు విద్యుత్తు నందింపగలదు. అట్టివి కొన్ని నేటికిని పనిచేయుచున్నవి.

ఇంత దీర్ఘాయువునకు కారణమేమి? పలుచని ఇనుపరేకుల దొంతర, దానిచుట్టు రాగితీగ చుట్లు - ఇవియే దాని హృదయము. వీనిలో కదలునది ఏదియు లేదు. కావున అరుగుదల లేదు. ఇట్టిదానిని పాఱవేయుట పూర్వుల పనితనమును అవమానించుటయే.

అయితే తక్కిన భాగముల స్థితి వేఱు. వేగమును మార్చు పిడితోపాటు రాగిచుట్లపై దొరలు బొగ్గుచక్రము అరగిపోవును. గోడనుండి విద్యుత్తును తెచ్చు తీగపైని రబ్బరు తొడుగు ఏండ్లు గడచినకొలది ఎండి పగులును. అప్పుడు 120 వోల్టుల తీగ బయటపడును. వస్తువునకు పాతవన్నె తగ్గునని ఆ తీగను మార్చకుండువారు బాలుర ప్రాణముకంటె వన్నెయే మిన్న యని తలచినవా రగుదురు.

కాలమునుబట్టి చేర్చవలసినదియు కలదు. విద్యుత్తు మితిమీఱినపుడు వేడెక్కి దారిని త్రెంచు బ్రేకరు ఆ ట్రాన్స్‌ఫార్మరులోనే కలదు. కాని అది మెల్లగా పనిచేయును. మోటారు మాత్రమే గల పాతయింజనులకు అది చాలెను. నేటి యింజనులలో సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగము లున్నవి. ఆ బ్రేకరు మేల్కొనులోపల అవి కాలిపోవచ్చును. కావున ట్రాన్స్‌ఫార్మరునకును పట్టాలకును నడుమ త్వరగా పనిచేయు క్రొత్త బ్రేకరును అమర్చుట యుక్తము. మాటిమాటికి ఆగుచున్నదని ఉన్న బ్రేకరునే తొలగించి తీగతో కలుపుట, కుక్క మొఱుగుచున్నదని దానిని తఱిమివేసి దొంగకు తలుపు తీయుట వంటిది.

ఈ పని బాలురు చేయదగినది కాదు. విద్యుత్ పరికరముల సంగతి తెలిసిన పెద్దలు, గోడనుండి తీగను ఊడదీసిన పిదపనే పెట్టెను విప్పవలెను.

ఏది దృఢముగ నున్నదో, ఏది శిథిలమైనదో పరీక్షించి తెలిసికొనుటయే మరమ్మతునకు మొదటి మెట్టు. రాగిచుట్లను నిలిపి, పగిలిన తీగను మార్చి, క్రొత్త రక్షణను చేర్చినవాడే ఆ పాతవస్తువును నిజముగా గౌరవించినవాడు. ఇండ్లయందును, ఆచారములయందును ఇట్టి వివేకమే మేలు.