ఫౌజీ బేవాకి కావాల్సింది ఖైరాత్ కాదు

మనవాళ్ళలో ఫౌజు మాట వస్తే అందరం బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు, హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు తీస్తాం. ఒకాయన 1948లో ఝంగర్ దగ్గర, ఇంకొకాయన 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర షహీద్ అయ్యారు. ఆగస్టు 15న వాళ్ళ మీద తక్రీర్లు బాగానే జరుగుతాయి. మరి 17 ఏళ్ళు నౌకరీ చేసొచ్చి మన గల్లీలోనే ఇంతెఖాల్ అయిన నాయక్ సాబ్ బేవా పెన్షన్ కాగితం పట్టుకుని కూర్చుంటే, పోయి చదివిపెట్టేవాళ్ళు ఎంతమంది?

రెండేళ్ళుగా ఆదివారాలు మా ఊరి మాజీ సైనికుల సంఘంలో కూర్చుంటున్నా. నేను ఫౌజీని కాదు. ఇంగ్లీషు ఫారాలు నింపడం వచ్చు, అంతే. నా ఖయాల్ ఏమిటంటే, ఈ ఇళ్ళకి రేషన్ కిట్లు ఇచ్చి ఫోటోలు దిగడం కన్నా వాళ్ళ కాగితాలు దురుస్తు చేసిపెట్టడం ఎక్కువ ఖిద్మత్. ఫ్యామిలీ పెన్షన్ ఆయన కమాయించిన హఖ్. హఖ్ ఉన్న మనిషి చేత చేయి చాపించడం ఏం ఇన్సాఫ్?

అసలు పేచీ మన పేర్లతో. షేక్ అన్న ఒక్క మాటకే ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు. కొన్నిచోట్ల ఎస్.కె. అని పొట్టిగా కొడతారు, కొన్నిచోట్ల పేరుకి ముందు, కొన్నిచోట్ల వెనక. నికా అయ్యాక భర్త యూనిట్లో రాయించిన పేరు కరీమూన్, ఆధార్లో కరీమున్నీసా బేగం. పుట్టినరోజు తెలియనివాళ్ళందరికీ జనవరి 1. ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరికీ పట్టదు. పోయిన మర్నాటి నుంచి ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరేనని రుజువు చేయాల్సింది ఆమె. మా దగ్గరికొచ్చిన ఒక ఖాలాకి దీనికే ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ కూతురి గాజులు తాకట్టులో ఉన్నాయి.

అదే ఆయన హయాత్‌లో ఉండగా సరిచేయించుకుంటే తేలిక. అర్జీ ఆయన రికార్డ్ ఆఫీసుకి వెళ్ళాలి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఈఎంఈ అయితే మన సికింద్రాబాదే. జవాబులు ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తాయి. ఇంట్లో మాట్లాడే ఉర్దూ, బడిలో నేర్చిన తెలుగు అక్కడ అక్కరకు రావు. చదువుకున్న పిల్లల పని అక్కడే.

ఇంకోటి ఇద్దత్. నాలుగు నెలల పది రోజులు. జరూరత్ పడితే పగటిపూట బయటికి పోవచ్చని ఉలమా చెబుతారు, కానీ చాలా ఇళ్ళలో పెద్దలు పోనివ్వరు. ఆమెతో బహస్ పెట్టుకోవడం దేనికి? మనమే ఇంటికెళ్ళి ఫారం నింపుదాం. మర్దానా పోవడం బాగుండదు కాబట్టి మన ఆడపిల్లలు ఈ పనిలోకి రావాలి. మా దగ్గర డిగ్రీ చదివే ఇద్దరు వస్తున్నారు, నాకన్నా చురుకు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి ముసలివాళ్ళ వేలిముద్రలు పడకపోతే, ఫోన్లో ముఖం చూపించి పని కానిచ్చేది వాళ్ళే. ఈ సౌకర్యం 2021లోనే వచ్చింది. కొన్ని ఇళ్ళలో ఇంకా ఆటో కట్టించుకుని ముసలమ్మని తిప్పుతున్నారు.

సర్కారు ఆఫీసులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, వైద్యానికి 2003 నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. ఏ ఆఫీసులో ఏం అడగాలో ఆమెకి చెప్పేవాళ్ళే లేరు. ఆ ఖాళీలోకి దలాల్ వస్తాడు, బకాయిలో వాటా మాట్లాడుకుంటాడు. అందుకే మా సంఘంలో ఒకటే ఖాయిదా: ఎవరి ఓటీపీ అడగం, ఎవరి ఏటీఎం కార్డు ముట్టం, ఒరిజినల్ కాగితం రాత్రికి మా దగ్గర ఉంచుకోం. అది అమానత్.

మనవాళ్ళకే చేస్తారా అని ఒకాయన అడిగాడు. నాకు ఈ పని నేర్పింది ఒక రెడ్డిగారు, రిటైర్డ్ సుబేదార్. ఆయన రోజూ నింపేవాటిలో సగం షేక్‌లవే. నేనేం లెక్కపెట్టను?

మీ గల్లీలో రిటైర్డ్ ఫౌజీ చాచా ఉంటే, ఈ వారం వెళ్ళి పీపీఓలో చాచీ పేరు ఎట్లా రాసుందో చూపించమనండి. ఆ ఆర్డర్ కాగితం పక్కన ఆమె ఆధార్ పెట్టి అక్షరం అక్షరం చూడండి. కొందరు, నా మౌత్ కోసం చూస్తున్నావా అని కసురుతారు. మొన్న ఒకాయన నాకు చాయ్ తాగించి, కాగితం మాత్రం చూపించకుండా పంపేశాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా.