రాయి ఒక్కటే, చూపులు మూడు

తెలివి తక్కువ వాణ్ణి 'బండరాయి' అని తిడతాం. కానీ మా హాస్టల్లో నల్గొండ వైపు నుంచి వచ్చిన మిత్రులకు రాయి అంత చులకన కాదు. అక్కడి గ్రానైట్ రాళ్ళలోని ఫ్లోరైడ్ బోరునీళ్ళలో కలిసి ఎందరి పళ్ళకో గార పట్టించింది, ఎందరి నడుములో వంచింది. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇప్పుడు నల్లాల్లో నదీజలాలు వస్తున్నాయి. అయినా రాతిలోని ఫ్లోరైడ్ నీటిలోకి ఎలా దిగిందో మనం తెలుసుకోవద్దా?

శాస్త్రవేత్తలు రాయిని మూడు రకాలుగా చూస్తారు. ఎక్స్‌రే సి.టి. స్కాన్ రాయిని కోయకుండానే లోపలి పగుళ్ళను చూపిస్తుంది. తర్వాత రాయిని కోసి 0.03 మిల్లీమీటర్ల పొరగా అరగదీస్తే దానిలోంచి వెలుగు పోతుంది. అప్పుడు ధ్రువణ సూక్ష్మదర్శినిలో బయోటైట్ అనే నల్ల అభ్రకం గోధుమ రంగులో కనబడి, పొరను తిప్పేకొద్దీ ముదురుతూ లేతబడుతూ ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ రంగులుండవు, బరువైన మూలకాలున్న చోటు తెల్లగా మెరుస్తుంది.

మూడూ నిజమే చెబుతాయి. కానీ కొలత వేరు, దిక్కు వేరు. కోసిన పొర స్కాన్‌లో ఏ లోతున, ఏ వాలున ఉందో వెతకాలి. ఒకే ఊరికి చిన్న పటం, పెద్ద పటం ఉంటే ఏం చేస్తాం? బడి, చెరువు, మా వాడ బావి గుర్తుపెట్టుకుని ఒకదానిపై ఒకటి పరుస్తాం. ఇదీ అంతే. ఒకే గీతపై లేని మూడు గుర్తులైనా కలపాలి, నాలుగో గుర్తుతో సరిచూడాలి. వెంట్రుకవాసి జరిగినా పగులు పక్కనున్న ఖనిజం మారిపోతుంది. ఫ్లోరైడ్ ఇచ్చింది బయోటైటా, అపటైటా, ఫ్లోరైటా అన్న లెక్క తప్పుతుంది.

కంప్యూటర్ ఉందిగా అంటారు కొందరు. బొమ్మను జరపడం కంప్యూటర్ పని. కుదిరిందో లేదో చెప్పవలసింది మాత్రం రాయిని ఎరిగిన మనిషే.

మన చదువూ ఇలాగే ఉందని మా అభిప్రాయం. వెలుగు భౌతికశాస్త్రంలో, ఫ్లోరైడ్ రసాయనశాస్త్రంలో, ఎముకలు జీవశాస్త్రంలో చదువుతున్నాం. మూడు నోటు పుస్తకాలూ ఏనాడూ ఒకదానిపై ఒకటి పరిచి చూడలేదు. బడిలోని సూక్ష్మదర్శిని బీరువాలోనే ఉంటోంది.

గురువులారా, దాన్ని బయటికి తీయండి. ఖరీదైన రాళ్ళేమీ వద్దు, వాగు ఇసుక చాలు. ఒకే రేణువును ఇద్దరం వేర్వేరుగా గీస్తాం, రెండు బొమ్మలనూ కలిపి చూస్తాం. ఎక్కడ కుదరలేదో అక్కడే మా మొదటి ప్రశ్న పుడుతుంది.

– పదవ తరగతి విద్యార్థులు