కాంతి చేరే చోటు నుంచే

క్యాన్సర్ గడ్డలోకి బంగారు నానో కణాలను చేర్చి, దగ్గరి పరారుణ కాంతిని ప్రసరింపజేస్తే అవి వేడెక్కి చుట్టూ ఉన్న జబ్బు కణాలను చంపేస్తాయి. ఈ పద్ధతితో అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఈ విద్య మనకు దూరమేమీ కాదు. ఉమ్మడి మెదక్ జిల్లాలోని కందిలోనే, ఐఐటీ హైదరాబాద్‌లో డాక్టర్ అరవింద్ కుమార్ రెంగన్ ఈ దారిలో పరిశోధిస్తున్నారు.

బంగారం ఒంట్లోనే ఉండిపోదా అన్న సందేహం న్యాయమైనదే. రెంగన్, ఐఐటీ బొంబాయి సహచరులు 2015లో ప్రచురించిన పనిలో దానికి కొంత జవాబుంది. కొవ్వు బుడగలపై పూసిన బంగారం పనయ్యాక చిన్న ముక్కలై కాలేయం, మూత్రపిండాల గుండా బయటికి పోతుందని వారు ఎలుకల్లో చూపారు. మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని దాంతో రుజువైపోదు. కాంతి ఒంట్లోకి లోతుగా పోలేదన్న అభ్యంతరం ఇంకా గట్టిది. ఊపిరితిత్తులకూ ఎముకలకూ పాకిన జబ్బుకు ఈ వైద్యం చాలదు. కానీ గుట్కా, జర్దా తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్ సంగతి వేరు. బుగ్గ లోపలి పుండు దగ్గరికి సన్నని లేజర్ తీగ సులువుగా చేరుతుంది. అందుకే మన దగ్గర ప్రభుత్వ సొమ్ముతో, రోగుల పూర్తి సమ్మతితో మొదటి పరీక్షలు నోటి క్యాన్సర్‌పైనే జరగాలని మా వాదన.